దెయ్యం ముందు కాగితం మీద పుట్టాలి

“హారర్ అయితే సులువు సార్. రెండు రాత్రులు చాలు.”

ఫైనలియర్ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఈ మాట వినని ఏడాది లేదు నాకు. చెప్పే పిల్లలు మారతారు, మాట మారదు. పాడుబడిన ఇల్లొకటి దొరికింది. ఒకమ్మాయి తెల్లచీర కట్టుకోవడానికి ఒప్పుకుంది. ఎవరి ఫోన్లోనో కెమెరా బాగుంది. కథ సంగతేమిటంటే “అక్కడికెళ్ళాక చూసుకుందాం సార్” అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే, ముందే అన్నీ రాసేసుకుంటే భయం చచ్చిపోతుందనీ, అది స్పాట్‌లో పుట్టాలనీ జవాబు వస్తుంది.

ఇందులో రెండు నమ్మకాలు కలిసి ఉన్నాయి. హారర్ తేలిక అన్నది ఒకటి, ముందుగా లెక్క వేసుకుంటే హారర్ చెడిపోతుందన్నది ఇంకొకటి. పిల్లల్నే అని లాభం లేదు. పాఠాలు చెప్పే మాలో కూడా చాలామంది ఇదే నమ్ముతారు. కాకపోతే వాళ్ళు వేరే దారిన వస్తారు: “దెయ్యం సినిమాయే కదా, దానికి స్క్రిప్టు దిద్దడం దేనికి? ఏదైనా సందేశం ఉన్నది తీయండి.” ఒకరు ఇష్టంతో అంటారు, ఒకరు చులకనతో అంటారు, చివరికి ఇద్దరూ చేరేది ఒక్క చోటికే. విద్యార్థి తీయగల షార్ట్ ఫిల్ముల్లో అన్నిటికన్నా ఎక్కువ ముందస్తు లెక్క అడిగేది హారరే అని నా వాదన. ఆ లెక్క లేకుండా బయల్దేరిన పిల్లలు పోగొట్టుకునేది నాలుగు మార్కులే అయితే నేనిది రాయడానికి కూర్చునేవాణ్ణి కాదు.

స్పాట్‌లో పుట్టాలనే వాళ్ళు ముందుగా పిలిచే సాక్షి ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. 1999లో విడుదలైన ఆ సినిమాను 1997 అక్టోబరులో మేరీలాండ్ అడవుల్లో ఎనిమిది రోజుల్లో తీశారు. నటులే కెమెరాలు పట్టుకున్నారు, మాటలు వాళ్ళే అప్పటికప్పుడు అల్లుకున్నారు. ఇంతవరకూ నిజమే. మనవాళ్ళు సాక్ష్యం వినడం ఇక్కడే ఆపేస్తారు. దర్శకులు డేనియల్ మిరిక్, ఎడువార్డో సాంచెజ్ అడవికి వెళ్ళే ముందే దాదాపు 35 పేజీల కథాక్రమం రాసుకున్నారు. ఏ రోజు ఏ చోటికి నడవాలో జీపీఎస్‌లో పెట్టి నటుల చేతికిచ్చారు. ఆ చోట్ల ఒక్కొక్కరికి విడివిడిగా చీటీలు దాచారు. ఒకరి చీటీలో ఏముందో ఇంకొకరికి తెలియదు. రోజులు గడిచేకొద్దీ తిండి తగ్గిస్తూ వచ్చారు, చిరాకూ నీరసమూ నటించక్కర్లేకుండా ముఖాల్లోకి రావాలని. అర్ధరాత్రి గుడారం చుట్టూ వినిపించిన అలికిడి దర్శకుల బృందం చేసిందే. ఆ తర్వాత దాదాపు 20 గంటల ఫుటేజిని ముందేసుకుని నెలల తరబడి ఎడిట్ చేశారు. ముందేం జరుగుతుందో నటులకు తెలియదు, నిజమే. దర్శకులకు పూర్తిగా తెలుసు కాబట్టే నటుల్ని అలా తెలియనివ్వకుండా ఉంచగలిగారు. మన పిల్లల షూటింగులో ఎవరికీ ఏమీ తెలియదు. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఆ దర్శకుల కష్టానికి అన్యాయం.

రెండో సాక్షి ‘పారానార్మల్ యాక్టివిటీ’. ఓరెన్ పెలీ సాన్ డియాగోలో తన సొంత ఇంట్లోనే, ప్రధానంగా ఇద్దరు నటులతో, 15,000 డాలర్లతో, వారం రోజుల్లో తీశాడు. ఆ వారం గురించి అందరూ చెబుతారు. దానికి ముందు దాదాపు ఏడాది పాటు ఆయన ఇంటికి రంగులు వేసి, సామాన్లు మార్చి, ఏ మూల నుంచి చూస్తే ఏది కనబడుతుందో సరిచూసుకున్న సంగతి ఎవరూ ఎత్తరు. ఆ పడకగది ఫ్రేమును ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక పక్క మంచం, ఇంకో పక్క తెరిచి ఉన్న తలుపు, దాని వెనక చీకటి నడవా. స్టాండు మీద కెమెరా కదలదు. మన కళ్ళు మాత్రం నిద్రపోతున్నవాళ్ళ మీద నుంచి తలుపు మీదికీ, తలుపు మీద నుంచి వాళ్ళ మీదికీ తిరుగుతూనే ఉంటాయి. అలా తిరగాలని ఒక మనిషి ముందుగా కూర్చుని నిర్ణయించాడు.

మన ఇంటి సాక్షిని కూడా పిలుద్దాం. విఠలాచార్య పేరెత్తితే ఇప్పటి కుర్రకారు నవ్వుతారు. ఆ నవ్వు నాకు బాధ కలిగిస్తుంది. తక్కువ ఖర్చులో, చెప్పిన రోజుకి సినిమా పూర్తి చేసే నిర్మాత దర్శకుడాయన. 1978 నాటి ‘జగన్మోహిని’లో దెయ్యం తన కాళ్ళనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం చూసిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా మరిచిపోలేదు. కంప్యూటరు లేని కాలంలో అలాంటి దృశ్యం కావాలంటే పొయ్యి ఎక్కడుండాలి, కెమెరా ఎంత ఎత్తులో ఉండాలి, నిజం కాలు ఎక్కడ ఆగి బొమ్మకాలు ఎక్కడ మొదలవ్వాలి, ఏ క్షణంలో షాటు కోయాలి అన్నవి సెట్లో లైటు వెలిగే ముందే తేలాలి. 1957లో ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే మనకు చూపించిన వెన్నెల కూడా చంద్రుడు ఇచ్చింది కాదు. రామ్‌గోపాల్ వర్మ 1999లో తీసిన ‘కౌన్’ మూడే పాత్రలతో, ఒకే ఇంట్లో, ఒక్క పాట కూడా లేకుండా నడుస్తుంది. మూడు పాత్రలూ ఒక ఇల్లూ అంటే ఏ విద్యార్థికైనా అందుబాటులో ఉన్నవే. అందనిది, ఆ ముగ్గురిలో ఎవర్ని ఎంతసేపు నమ్మాలో, ఎప్పుడు నమ్మకం సడలాలో నిమిషాల లెక్కన పంచిపెట్టిన రాత.

ఈ మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నా వాదనకు ప్రాణం ఇదే కనుక. భయం అంటే చూసేవాడికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఎప్పుడు తెలుస్తుంది అన్న లెక్క. తెల్లచీరా విరబోసుకున్న జుట్టూ ఆ లెక్కకు అలంకారాలు మాత్రమే. మా చిన్నప్పుడు ఊళ్ళలో ఇంటి తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకునేవారు. ఆ దెయ్యాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అది ఎలా ఉంటుందో కూడా ఎవరూ వర్ణించలేదు. ఉన్నదల్లా ఒక నియమం: రాత్రి వస్తుంది, తలుపు కొడుతుంది, తెలిసిన గొంతుతో పిలుస్తుంది, రాత కనిపిస్తే చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. ఆ ఒక్క నియమం ఊళ్ళకు ఊళ్ళనే నిద్రపోనివ్వలేదు. వాన పడితే అక్షరాలు చెరిగిపోతాయేమో అని అర్ధరాత్రి లేచి చూసుకున్నవాళ్ళు నాకు తెలుసు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన రాజ్, డీకే ఇలాంటి గోడ రాత మీదే 2018లో హిందీ ‘స్త్రీ’ కథ అల్లారు.

స్వీడన్‌లో డేవిడ్ శాండ్‌బర్గ్ 2013లో తీసిన ‘లైట్స్ అవుట్’ మూడు నిమిషాలు కూడా ఉండదు. ఇంట్లోనే తీశాడు, భార్యే నటి. అందులో ఉన్నదీ ఒక్క నియమమే: దీపం ఆర్పితే ఆకారం కనిపిస్తుంది, వేస్తే కనిపించదు. ఆమె స్విచ్చి నొక్కిన ప్రతిసారీ మన గుండె ఎంత కొట్టుకోవాలో ఆ నియమమే నిర్ణయిస్తుంది. మూడేళ్ళకు అది పూర్తి నిడివి సినిమా అయింది. నా దగ్గరికి వచ్చే కథల్లో దెయ్యానికి నియమం ఉండదు. అది ఒకసారి అద్దంలో వస్తుంది, ఒకసారి మంచం కింద ఉంటుంది, ఒకసారి మనిషిలో దూరుతుంది, చివరికి ఎందుకో గొంతు పిసుకుతుంది. ఏదైనా చేయగల దెయ్యానికి ఎవరూ భయపడరు, దాని కోసం ఎటు చూస్తూ ఎదురుచూడాలో ప్రేక్షకుడికి తెలియదు కాబట్టి.

ఇక రెండు రాత్రుల సంగతి. ఇది నోటిలెక్క. అయిదు నిమిషాల హారర్ షార్ట్ ఫిల్ముకు అరవై షాట్లు మామూలు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి తెల్లవారుజామున నాలుగింటిదాకా తీస్తే ఏడు గంటలు. కొత్తవాళ్ళకు చీకట్లో ఒక్కో షాటుకి లైటు సర్దుకుని, రిహార్సల్ చేసి, రెండు టేకులు తీయడానికి అరగంట పడుతుంది. అంటే రాత్రికి పద్నాలుగు షాట్లు, రెండు రాత్రులకు ఇరవై ఎనిమిది. మిగతా ముప్ఫై రెండు ఏమైనట్టు? ఏమవుతాయో నాకు ప్రతి ఏడూ ఎడిటింగ్ టేబుల్ మీద కనబడుతూనే ఉంది. కారు దిగడం, గేటు తీయడం, బంగళా చుట్టూ తిరగడం బ్రహ్మాండంగా తీస్తారు, అవి మొదట తీశారు కనుక. క్లైమాక్స్ కోడి కూసే వేళకు హడావిడిగా ముగుస్తుంది, ఆకాశంలో తెలుపు కనబడుతూ ఉంటుంది. అన్నిటికన్నా ముందు వదిలేసేది, చూసి భయపడిన మనిషి ముఖం మీది షాటు. దెయ్యాన్ని ఎంత తీసినా ఆ ముఖం లేకపోతే సీను పండదు. షాట్ డివిజన్ రాసుకున్నవాడు ఆ ముఖాన్ని మొదటి రాత్రే, అమ్మాయి అలిసిపోకముందే తీసుకుంటాడు. హిచ్‌కాక్ అంతటివాడికి 1960 నాటి ‘సైకో’లో స్నానాల గది హత్యకు వారం రోజులు పట్టింది. తెర మీద ఆ హత్య ముప్పావు నిమిషం.

అసలు రాత్రే ఎందుకు? ఫోన్ కెమెరాకు చీకటి ఇస్తే అది దాన్ని బలవంతంగా వెలిగించబోతుంది, బొమ్మంతా ఇసక చల్లినట్టవుతుంది. దాన్ని యూట్యూబ్‌లో పెడితే ఆ నలుపు ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకోకపోతే ట్యూబులైట్లూ చవక ఎల్‌ఈడీలూ తెర మీద కొట్టుకుంటాయి. చీకటి చూపించాలంటే వెలుగు ఎక్కడ పడాలో ముందు నిర్ణయించుకోవాలి: ఒక కిటికీ అంచు, ఒక చెంప, గోడ మీద ఒక గీత. ఇవేవీ వద్దనుకుంటే పగలే తీయండి. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్ళొద్దనీ, గాలి సోకుతుందనీ మన నాయనమ్మలు చెప్పిన మాటలు ఎటు పోయాయి? మన పల్లెల్లో దెయ్యాలకు రాత్రి ఎంతో మధ్యాహ్నమూ అంతే. వీధిలో మనిషి లేని ఎండ, మూసిన తలుపులు, ఎక్కడో కాకి. ఏరీ ఆస్టర్ 2019లో ‘మిడ్‌సొమర్’ను పట్టపగటి వెలుగులో తీసి లోకాన్ని భయపెడితే చప్పట్లు కొట్టిన మనం, మన పెరట్లో ఉన్న ఎండను మాత్రం వాడుకోం.

శబ్దం విషయంలో జరిగే నష్టం ఇంకా పెద్దది. షూటింగు రోజు శబ్దాన్ని పట్టించుకునేవాడే ఉండడు. జనరేటరు మోత, కుక్కల అరుపులు, పక్క రోడ్డు మీద ట్రాక్టరు. తర్వాత ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ‘ఢాం’ అనే మోతతో అన్నీ కప్పేస్తారు. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, మరుక్షణం మరిచిపోతాడు. గదిలో స్టీలు గిన్నె కింద పడినా ఉలిక్కిపడతాం కదా. 1942లో వాల్ లూటన్ నిర్మాతగా జాక్ టూర్నర్ తీసిన ‘క్యాట్ పీపుల్’లో ఒకామె రాత్రి పార్కు పక్కన నడుస్తూ ఉంటుంది. వెనక ఇంకో జత చెప్పుల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆమె వేగం పెంచుతుంది. ఒక్కసారిగా బుస్సుమని శబ్దం, తీరా చూస్తే బస్సు వచ్చి ఆగింది. ఈ ఎత్తుగడను సినిమావాళ్ళు ఇప్పటికీ ‘లూటన్ బస్’ అంటారు. అక్కడ పని చేసింది బస్సు బుస ఒక్కటే అనుకోకండి. దానికి ముందు ఆగిపోయిన చెప్పుల చప్పుడుదే అసలు పని. నిశ్శబ్దాన్ని ముందు రాసుకోకపోతే దొరకదు. షూటింగ్ ముగిశాక ఆ గదిలోనే అందరూ నోళ్ళు మూసుకుని ఒక్క నిమిషం గది శబ్దాన్ని రికార్డు చేయండి అని మొత్తుకుంటాను. ఇల్లు ఇల్లులా వినిపించడానికి ఆ నిమిషమే ఆధారం. ‘సైకో’లో కత్తి దిగే చప్పుడు ఖర్బూజా జాతి పండును పొడిచి పుట్టించినది. మన వంటింట్లో అలాంటివి ఎన్ని లేవు!

స్పాట్‌లో పుట్టేవి అసలు ఉండవని నేను అనడం లేదు. ఉంటాయి. గాలికి కిటికీ రెక్క దానంతటదే మూసుకుంటుంది, నటి ఊపిరి మనం అనుకోని చోట ఆగుతుంది. అది ఏ సీనులో ఎక్కడ అతుకుతుందో తెలిసినవాడికే ఆ అదృష్టం అందుతుంది. మిగతావాళ్ళ ఫోన్లలో అది ఒక క్లిప్పుగా పడి ఉంటుంది.

ఇప్పుడు మార్కులకు మించిన విషయాలకు వస్తాను. నేను చదువుకునే రోజుల్లో మేమూ ఇలాగే బయల్దేరాం. ఊరి పక్క పాత పొగాకు బ్యారన్‌లో, కిరసనాయిలు కాగడాతో. దెయ్యం వేషం వేసిన స్నేహితురాలికి నైలాన్ చీర కట్టాం. బకెట్టు నీళ్ళు దగ్గర పెట్టుకోవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. కొంగు అంటుకుంది. మోచేతి దాకా కాలిన చెయ్యితో ఆ పిల్ల స్కూటరు వెనక కూర్చుని పళ్ళబిగువున ఆసుపత్రికి వచ్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరి చేతిలో ఏముండాలి, నిప్పు దగ్గర ఎవరుండాలి అని ఒక్క కాగితం రాసుకుని ఉంటే అది జరిగేది కాదు. దాన్ని ప్రమాదం అనడానికి నాకు నోరు రాదు.

రాత్రి షూటింగ్ అనగానే ఏ అమ్మాయి ఎన్నింటికి హాస్టల్‌కి చేరాలి, ఎవరు దించుతారు అన్నది రాసుకోని బృందంలో చివరికి జరిగేదేమిటంటే కెమెరా, సౌండ్, డైరెక్షన్ అన్నీ అబ్బాయిల చేతుల్లోకి పోయి, అమ్మాయికి తెల్లచీర ఒక్కటే మిగులుతుంది. ప్రణాళిక లేకపోవడం స్వేచ్ఛ అంటున్నవాళ్ళు, అది ఎవరి స్వేచ్ఛో చూడాలి.

కథలోనూ అంతే. ఆలోచించే తీరిక లేనప్పుడు చేతికి అందే దెయ్యం ఎప్పుడూ ఒక వితంతువు, ఊరి చివర ముసలమ్మ, మతి చలించిన ఆడమనిషి, లేదంటే చేతబడి చేసే పేదవాడు. బాణామతి, చేతబడి అనే నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి. అదే ముసలమ్మను మళ్ళీ తెర మీద కొరివి పట్టించి నిలబెట్టడం తప్పని గట్టిగా అంటాను. దెయ్యం ఎవరన్నది కథ మొదటి చిత్తుప్రతిలో తేలాల్సిన సంగతి. షూటింగు రాత్రి, దొరికిన నటిని బట్టి తేల్చేది కాదు. దారిన పోయేవాళ్ళను నిజంగా భయపెట్టి ఆ ముఖాలు తీద్దామని ఆలోచించే బృందాలూ ఉన్నాయి. 2019 నవంబరులో బెంగళూరులో దెయ్యం వేషాలతో రాత్రిపూట జనాన్ని అలా హడలగొట్టిన ఏడుగురు కుర్రాళ్ళను పోలీసులు అరెస్టు చేశారు. ఆ చీకట్లో ఎదురొచ్చేవాడికి గుండెజబ్బు ఉందో లేదో ఏ కెమెరాకీ తెలియదు.

ఈ మధ్య ముగ్గురు పిల్లలు ఒక కాగితం పట్టుకొచ్చారు. కథ నాలుగు వాక్యాలు. మిట్టమధ్యాహ్నం. అమ్మ బయటికి వెళ్తూ “మూడు విజిల్స్ రాగానే కుక్కర్ కట్టెయ్” అని కూతురికి చెబుతుంది. అమ్మాయి హాల్లో చదువుకుంటూ ఉంటుంది. ఒక విజిల్, రెండు, మూడు. లేచి వెళ్తే స్టవ్ మీద కుక్కర్ లేదు, కడిగి గట్టు మీద బోర్లించి ఉంది.

పద్దెనిమిది షాట్లు రాసుకొచ్చారు. ఒకే ఇల్లు, ఒకే పగలు, ఉదయం పది నుంచి మూడింటిదాకా, ఎండ కిటికీలోంచి ఏ వేళకు ఎక్కడ పడుతుందో రెండు రోజులు చూసి గుర్తు పెట్టుకొచ్చారు. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, పక్కింటివాళ్ళకు ముందు రోజే చెప్పాలి అని విడిగా రాశారు. గంటసేపు మేం కొట్టుకున్నది ఒక్క విషయం మీదే. బోర్లించిన కుక్కర్‌ను ప్రేక్షకుడికి ఎప్పుడు చూపాలి? చివర్లో అమ్మాయితో పాటే చూస్తే ఒక్కసారి ఝల్లుమంటుంది. మొదటి షాటులోనే, అమ్మ గడప దాటుతున్నప్పుడు, వెనక గట్టు మీద అది కనిపిస్తే మొదటి విజిల్ నుంచే ప్రేక్షకుడు కుర్చీలో కదలడం మొదలుపెడతాడు. అమ్మాయి మాత్రం పేజీ తిప్పుకుంటూ ఉంటుంది. ఉలికిపాటుకీ ఉత్కంఠకీ మధ్య హిచ్‌కాక్ బల్ల కింద బాంబు ఉదాహరణతో చెప్పిన తేడా ఇదే, వాళ్ళు దాన్ని తమ వంటింట్లో వెతికి పట్టుకున్నారు. మొదటి షాటుకే ఓటేశారు. అందుకని గట్టును ఫ్రేములో కుడివైపుకి జరపాలి, అమ్మ చీర రంగు దానిమీద నుంచి చూపు లాగేయకుండా మార్చాలి. ఆ కాగితం వెనక అవన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు.

నాలుగో విజిల్ ఏ గదిలోంచి రావాలన్నది ఇంకా తేలలేదు. గురువారం మళ్ళీ కూర్చుంటున్నాం.